యాటకు ఏ రోగం లేదని చెప్పిన రోజు

ఈమధ్య పశువైద్యంలో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఇద్దరు పిల్లలు ఇబ్రహీంపట్నంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పాత డాక్టరును కదా, ఏదో ఒకటి నేర్పిస్తానని వాళ్ల ఆశ. "సార్, ఇన్నేళ్ల అనుభవంలోంచి ఒక్క ముఖ్యమైన మాట చెప్పండి" అన్నారు.

"బండి డిక్కీలో ఎప్పుడూ ఇంకో చొక్కా పెట్టుకోండి" అన్నాను.

ఇద్దరూ మర్యాదకు నవ్వారు. నేను నవ్వులాటకు అనలేదు. కడుపులో దూడ అడ్డం తిరిగిన గేదెకు పురుడు పోసి, అదే చొక్కాతో బస్సెక్కిన మనిషికి సీటు ఎంత సులువుగా దొరుకుతుందో నాకు తెలుసు.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ నన్ను పట్టుకుంది. "పాపం గంత దూరంకెల్లి వస్తే అంగీ ముచ్చట చెప్పి తోలిస్తివా? గా యాట ముచ్చట చెప్పకపోతివి?"

"అది చెప్తే నా పరువు పోతది."

"ఉంటె గద పోనీకి" అంది.

అందుకే కూర్చుని రాస్తున్నాను. నా ఉద్యోగంలో ప్రమోషన్లూ బదిలీలూ ఎప్పుడెప్పుడు అయ్యాయో ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు, నాకే పనికిరాలేదు. ఒక మేకపోతు నాకు నేర్పిన సంగతి మాత్రం ఉంటుంది.

మనుషుల డాక్టరు కాదు

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు జీవితమంతా డాక్టరు అనిపించుకోవాలని మహా కోరిక. పెళ్లిళ్లలో ఎవరైనా "ఈయన డాక్టరు" అని పరిచయం చేస్తే పక్కనున్నవాళ్లు గబుక్కున చెయ్యి చాపి నాడి చూడమనేవారు. "నేను పశువుల డాక్టర్ని" అని చెప్పగానే చెయ్యి వెనక్కి పోయేది. ఒక్క పెద్దాయన మాత్రం వెనక్కి తీసుకోలేదు. "ఏదైతేంది సార్, జర సూడు, నేను గూడ పొద్దందాక ఎడ్ల లెక్కనే పనిచేస్త" అన్నాడు. ఆయన నాడి చూశాను. బాగానే ఉంది.

ఈ నామోషీ మనసులో పెట్టుకుని తిరిగేవాడు ఏం చేస్తాడు? గొంతు పెంచుతాడు. మెడలో స్టెతస్కోపు వేసుకుని కిరాణా కొట్టుకు పోతాడు. నేను రెండూ చేశాను. మేకను చూసేటప్పుడు కూడా ఇంగ్లీషులో జబ్బు పేరు చెప్పేవాణ్ని. మేక పట్టించుకునేది కాదు గానీ యజమాని భయపడేవాడు. ఆ భయాన్నే గౌరవం అనుకునేవాణ్ని.

చాయ్ తాగే ఆఫీసరు

నా మొదటి ఉద్యోగం కందుకూరు వైపు. అక్కడ నాకొక పెద్దసారు ఉండేవాడు. పశువు దగ్గరికి పోవడానికి ముందు ఆ ఇంట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగేవాడు. ఇంట్లో ఒక్కొక్కరి యోగక్షేమాలూ అడిగేవాడు. నేను మందుల సంచీ పట్టుకుని నిలబడి, ఈయన ఉద్యోగం చేయడానికి వచ్చాడా, చుట్టపుచూపుగా వచ్చాడా అని లోలోపల మండిపోయేవాణ్ని.

ఒకసారి ఒకాయన ఆవు ఉన్నట్టుండి పాలివ్వడం మానేసింది. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టారు. నేను పొదుగు చూద్దామని ఉబలాటపడుతుంటే సారు రెండో చాయ్ అడిగాడు. ఆ చాయ్ పూర్తయ్యేలోపు తేలిందేమిటంటే, రోజూ పాలు పిండే ముసలామె కూతురి పురిటికి పోయింది, నాలుగు రోజులుగా కొడుకు పిండుతున్నాడు. "మీ అమ్మ చీర ఒకటి భుజం మీద కప్పుకోని కూసో" అన్నాడు సారు. కొడుకు సిగ్గుపడుతూ కూర్చున్నాడు. ఆవు ఆ వాసన చూసి చేపింది, పాలిచ్చింది. వాకిట్లో నవ్వులే నవ్వులు.

నేనూ నవ్వాను. కానీ దాన్ని వైద్యం అనుకోలేదు, అదృష్టం అనుకున్నాను. ఆయన దగ్గర రెండేళ్లు పనిచేసి నేర్చుకున్నది చక్కెర తక్కువ వేసుకోవడం ఒక్కటే.

శ్రావణంలో ఒక ఆదివారం

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకు యాభై దాటాయి, తెలియనిది ఏదీ లేదన్న ధీమా వచ్చింది. ఇబ్రహీంపట్నం నుంచి బండి మీద అరగంట దూరంలో ఒక ఊరు. పేరు రాయను. వాళ్ల దగ్గర నా ఫోన్ నంబరు ఇంకా ఉంది. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. హద్దులకు పాతిన రంగు రాళ్ల మధ్య మోకాలెత్తు గడ్డి పెరిగి, ఇళ్లు రావాల్సిన చోట మేకలు మేస్తుంటాయి.

ఆ ఊళ్లో సత్తెమ్మ అనే ఆమె ఉండేది. కొడుకు శ్రీశైలం ఆటో నడుపుతాడు. కోడలు స్వరూప రావిర్యాల వైపు ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. వీళ్లకు ఐదేళ్ల పిల్లవాడు. అంతకుముందు వానాకాలం ఆ పిల్లవాడికి విషజ్వరం వచ్చి, పట్నంలో దవాఖానలో పది రోజులుంచారు. బతుకుతాడో లేదో తెలియని ఆ రోజుల్లో సత్తెమ్మ పోచమ్మకు యాటను, అంటే బలి మేకపోతును, మొక్కింది. పిల్లవాడు బతికాడు. ఆమె ఒక మేకపోతును కొని బిడ్డలా పెంచింది.

బోనాలకు పది రోజుల ముందు దాన్ని నా దగ్గరికి తోలుకొచ్చింది. "పిడుదులు బట్టి నెత్తురు తాగుతున్నయ్ సార్. అమ్మకిచ్చే యాట, జర మంచిగ చెయ్యి."

సరిగ్గా ఆ వారమే నేను నాటు వైద్యం మీద మూడు రోజుల శిక్షణకు పోయి వచ్చాను. కొత్తగా చదువు వచ్చినవాడి హుషారు నాది. సూది వెయ్యనని చెప్పి, వేపనూనెలో కర్పూరం కలిపి మెడ నుంచి తోక దాకా, చెవుల్లో కూడా రోజూ పట్టించమన్నాను. నేను చెప్పింది ఎవరూ చెయ్యరని నాకు అనుభవం. సత్తెమ్మ మాత్రం పొద్దున ఒకసారి, మాపున ఒకసారి పట్టించింది. సారు చెప్పాడంటే ఆమెకు అంత నమ్మకం.

బోనాల ఆదివారం మధ్యాహ్నం మా ఎల్లయ్య ఫోన్ చేశాడు. ఎల్లయ్య మా దవాఖానలో అటెండరు, ఆ ఊరివాడే.

"సార్, జల్ది రావాలె. సత్తెమ్మ యాట విదిలిస్తలేదు."

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మొక్కు యాటను గుడి ముందు నిలబెట్టి, పసుపు నీళ్లు నెత్తి మీదా వీపు మీదా చల్లుతారు. అది ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పటిదాకా కత్తి ఎత్తరు. మామూలుగా రెండు మూడు నిమిషాల పని. సత్తెమ్మ యాట గంటన్నర నుంచి కొయ్యబొమ్మలా నిలబడి ఉంది.

ఎండలో అరగంట బండి నడుపుకుంటూ పోయాను. నిజం చెప్పాలంటే సంతోషంగా పోయాను. ఊరంతా ఉన్నచోట డాక్టరు అవసరం పడింది. ఆదివారమైనా స్టెతస్కోపు మెడలో వేసుకున్నాను.

జనం దారిచ్చారు. జ్వరం చూశాను. కనురెప్పలు తిప్పి చూశాను. కడుపు మీద చెయ్యి పెట్టి నెమరు చూశాను. చెయ్యి జిడ్డయింది, చేతిరుమాలుతో తుడుచుకున్నాను. తర్వాత లేచి నిలబడి, వెనక వరుసవాళ్లకు కూడా వినబడేట్టు ప్రకటించాను.

"యాటకు ఏ రోగం లేదు. పూర్తి ఆరోగ్యంగా ఉంది. నాది గ్యారంటీ!"

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? విదిలించడం అమ్మవారి పని కాదనీ, చర్మం కింద ఒక కండరం పని అనీ, మనం ఇంకా మూఢనమ్మకాల్లో ఉంటే ఎట్లా అనీ ఐదు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ కిక్కురుమనలేదు. నా మాటలకు ఊరు ముగ్ధమైపోయిందనుకున్నాను. సత్తెమ్మ తిరిగి కోడలి వైపు చూసింది. శ్రీశైలం నేల చూశాడు. స్వరూప బోనం కుండ పక్కన కొత్త చీరలో కూర్చుని ఉంది, ముఖం తెల్లబోయింది. అవన్నీ చూశాను. చూసి, రోడ్డు దాకా తోడు రమ్మని ఎల్లయ్యను బండి ఎక్కించుకుని బయల్దేరాను. ఆ రోజు నన్నెవరూ చాయ్ తాగి పొమ్మనలేదు, నేనూ కూర్చోలేదు.

బండి వెనక ఎల్లయ్య

ఊరు దాటాము. వెనక నుంచి ఎల్లయ్య, "మంచిగ కొంప ముంచినవ్ సార్" అన్నాడు.

"నేనేం చేసినోయ్?"

"యాటకు రోగమున్నదా అని నిన్నెందుకు పిలిచిర్రు? ఉన్నదంటే యాట మీదికి పోతది, మల్లొకటి తెస్తరు. లేదంటే ఇంట్ల మనిషి మీదికి వస్తది. ఇంటి ఆడమనిషి ఏదో తప్పు చేసింది, గందుకే అమ్మ ఒప్పుకుంటలేదని నీకంటె ముందుగాల్నే గుసగుస మొదలైంది. స్వరూప నౌకరికి పోతది, పొద్దుగూకినంక కంపెనీ బస్సుల వస్తది. గది చాలు మందికి. నువ్వొచ్చి గ్యారంటీ అని స్టాంపు గుద్దినవ్."

బండి ఆపాను.

"నౌకరి మానుమంటది సత్తెమ్మ, లేకుంటే తల్లిగారింటికి పొమ్మంటది. పొద్దుగాల్నే ఆమెను బోనం ఎత్తనియ్యలె. యాట విదిలిచ్చినంకనే ముట్టుమన్నది. శ్రీశైలం నోట్ల నాలికె లేదు. గా పిల్ల గతేమైతది చెప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను చెప్పింది నిజమే కదా అని వాదించబోయాను. నిజమే. వాళ్లు నన్నడిగింది మాత్రం మేక గురించి కాదు.

"పోనీ ఇప్పుడు పోయి లోపల జ్వరం ఉందని చెప్తే?" అన్నాను. ఎంత దిగజారానో చూడండి.

"రోగపు యాటను అమ్మ ముందల నిలబెట్టిందంటరు. గది గూడ స్వరూప మీదికే పోతది. ఇంట్ల గడ్డి వేసేది ఆమెనే గద."

"మరి ఏం చెయ్యాలి?"

"నాకేమెరుక సార్? డాక్టర్‌వి నువ్వు."

ముప్పై ఏళ్లుగా ఆ బిరుదు కోసం తపించాను. ఎల్లయ్య ఇచ్చినప్పుడు మాత్రం తిరిగి ఇచ్చేద్దామనిపించింది.

చేతిరుమాలు

ఇంటికి వచ్చాను. చొక్కా విప్పి బాత్రూములో పడేశాను. మా ఆవిడ జేబులోంచి నా చేతిరుమాలు తీసి నీళ్లలో ముంచుతూ కేకేసింది.

"దేనికి తుడిచినవయ్యా దీన్ని? నీళ్లు వోస్తే గుడ్డ తడుస్తనే లేదు. వేపనూనె కంపు!"

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. పది రోజులు, రోజుకు రెండుసార్లు, చెవుల్లో కూడా. ఆ మేకపోతు వెంట్రుకలన్నీ నూనెలో మునిగి ఉన్నాయి. చల్లిన నీళ్లు చర్మానికి తగలకుండా జారిపోతుంటే అది దేన్ని విదిలిస్తుంది? ఏ జీవమైనా తడిస్తేనే కదా విదిలించుకునేది. చీటీ రాసింది నేను. పరీక్ష చేసింది నేను. చేతికి జిడ్డంటితే తుడుచుకుని గ్యారంటీ ఇచ్చింది కూడా నేనే. నా వైద్యం అంత బాగా పనిచేసిన కేసు సర్వీసులో ఇంకొకటి లేదు. ఒక్క పిడుదు కూడా మిగలలేదు.

భయం వేసింది. అక్కడికి మళ్లీ పోయి ఊరందరి ముందు తప్పు నాదని చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఒక అమ్మాయి ఉద్యోగం పోతుంది, పిల్లవాడితో కందుకూరు బస్సెక్కి పుట్టింటికి పోతుంది, నా స్టెతస్కోపుకు మచ్చ రాదు. ఐదు నిమిషాలు ఈ లెక్కలోనే కూర్చున్నానని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మా ఆవిడ ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. ఉతికిన చొక్కా తెచ్చి నా ఒళ్లో పడేసింది.

కొత్త పిల్లలకు ఇక్కడే రెండు మాటలు చెప్పాలి. యాట విదిలించడం అమ్మవారి మాట అని నేను ఇప్పటికీ నమ్మను. ఆ నమ్మకం చాటున మనుషులు ఎవరి మీద పడతారో చూశాను కాబట్టి దాన్ని మెచ్చుకోను కూడా. అయితే ఆ రోజు గుడి ముందు అందరికంటే పెద్ద మూఢుణ్ని నేనే. నా నోటి నుంచి వచ్చిన మాట పొరపాటు కాదని నమ్మాను. వాళ్లు కనీసం నీళ్లు చల్లి గంటన్నర ఆగి చూశారు, నేను పది నిమిషాల్లో తేల్చేశాను. మీ దగ్గరికి పశువును తోలుకొచ్చినప్పుడు దాని వెనక ఒక ఇల్లు కూడా వస్తుంది. ఏం అడుగుతున్నారో తెలుసుకోకుండా జవాబు చెప్పకండి. చాయ్ ఇస్తే తాగండి.

కుంకుడు నురగ

నేను పోయేసరికి నాలుగైంది. మధ్యాహ్నం రోడ్డు మీద దిగిపోయిన ఎల్లయ్యను ఫోన్ చేసి పిలిచి మళ్లీ ఎక్కించుకున్నాను. యాట అక్కడే ఉంది. స్వరూప గుడి గోడ పక్కన ఒక సంచీతో కూర్చుని ఉంది. పిల్లవాడు ఆమె ఒళ్లో నిద్రపోయాడు. డప్పులవాళ్లు ఒక మూల బీడీలు కాలుస్తున్నారు.

"సత్తెమ్మా, యాట విదిలించకపోవడానికి కారణం దొరికింది. నూనె" అన్నాను. మళ్లీ అలవాటు చొప్పున మొదలుపెట్టాను. వెంట్రుకల మీద నూనె పొర ఎట్లా ఏర్పడుతుందో, నీళ్లు ఎందుకు నిలవవో వివరించాను. నేను రాసిన మందు వల్లే ఇట్లా జరిగిందని, గొంతు తగ్గించి, చివర్లో చెప్పాను.

సత్తెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "గవన్ని నాకెందుకు సార్? కడిగితే పోతదా పోదా?"

"పోతది."

కుంకుడుకాయలు తెచ్చారు. నేనే కూర్చుని రుద్దాను. గెజిటెడ్ ఆఫీసరు మేకకు తలంటు పోస్తుంటే ఊరు చుట్టూ చేరి చూసింది. ఒక ముసలామె, "చెవుల ఎనక సుత రుద్దు సార్" అని సలహా ఇచ్చింది. మూడుసార్లు కడిగి, ఎండలో గంటసేపు ఆరబెట్టాము. అది హాయిగా నెమరు వేసింది. తనకు ముందున్నదేమిటో తెలిస్తే అంత సహకరించేది కాదు.

మళ్లీ గుడి ముందు నిలబెట్టారు. ఊరి పెద్దమనిషి ఒకాయన పసుపు నీళ్లు చల్లాడు. అది కదల్లేదు. ఏ దేవుడికీ మొక్కని నేను, "తల్లీ, నీకు దండం పెడతా" అని గొణిగాను. ఎల్లయ్య విని నవ్వాడు, నవ్వనీ. రెండో చెంబు నెత్తి మీద పోశారు. చెవుల్లోకి నీళ్లు పోయాయి. మేకపోతు ముక్కు నుంచి తోక దాకా ఒక్క విదిలింపు విదిలించింది. నా కళ్లజోడు నిండా పసుపు నీళ్లు.

డప్పులు లేచాయి. "ఒప్పుకున్నది, అమ్మ ఒప్పుకున్నది!" అని కేకలు. సత్తెమ్మ ఏడుస్తూ బోనం కుండ ఎత్తి కోడలి దగ్గరికి తెచ్చింది.

"పట్టు బిడ్డా, ఎత్తుకో. పొద్దువోతంది."

స్వరూప చేతులు చాపలేదు. పిల్లవాణ్ని భర్తకిచ్చి లేచి నిలబడింది.

"యాట చెప్పింది, మంచిదే. నువ్వేమంటవ్ అత్తమ్మా?"

"నేనేమనాలెనే? అమ్మ ఒప్పుకున్నది గద!"

"అమ్మ ఒప్పుకున్నది. పొద్దుగాల నన్ను తప్పుడుదానివన్నది అమ్మ గాదు, నువ్వు. యాట మాట మీద ఎత్తుకుంటే వచ్చే శ్రావణంల మల్లొక యాట నిలబడతది. నువ్వు చెప్తేనే ఎత్తుకుంట. లేకుంటే సంచి సదురుకున్న, పోత."

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఊరంతా ఉంది. సత్తెమ్మ జనం వైపు ఒకసారి, చేతుల్లో కుండ వైపు ఒకసారి చూసింది.

"నాది తప్పైంది బిడ్డా" అంది.

స్వరూప భర్త వైపు తిరిగింది. అతను పిల్లవాణ్ని భుజం మార్చుకున్నాడు. "నాది గూడ" అన్నాడు.

అయిపోయిందనుకుని నేను కళ్లజోడు తుడుచుకుంటున్నాను.

"సార్, నువ్వు?"

"నేను ముందే చెప్పాను కదమ్మా, ఆ నూనె వల్ల..."

"నూనె ముచ్చట చెప్పినవ్. నీ ముచ్చట చెప్పలె."

ఊరు మొత్తం నన్ను చూస్తోంది. స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకున్నాను.

"నాది తప్పైందమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తల కొంచెం వంచి, "గిప్పుడు ఎత్తు అత్తమ్మా" అంది. సత్తెమ్మ కుండ ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టింది. స్వరూప బోనంతో ముందు నడిచింది. తప్పు ఒప్పుకున్న ముగ్గురం ఆమె వెనక నడిచాము.